ఇంజన్ మార్చిన స్పోర్ట్స్ కారు కొంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల మన కుర్రాళ్లలో పాత స్పోర్ట్స్ కార్ల మోజు బాగా పెరిగింది. మియాటా, నిస్సాన్ 240ఎస్‌ఎక్స్, కాస్త ఎక్కువ పెట్టగలిగితే మాజ్దా ఆర్‌ఎక్స్-7. ఇలాంటి కార్లలో చాలావాటికి ఇప్పుడు కంపెనీ ఇంజన్ ఉండదు. ఎవరో తీసేసి వేరేది దింపి ఉంటారు. కొనేముందు అలాంటి కార్లను పరీక్షించి చెప్పడం నా పని. "ఏ ఇంజన్ వేశారు, మంచిదేనా?" అని అందరూ మొదట అడుగుతారు. నేను మాత్రం ఆ ఇంజన్‌ని ఈ కారుకి ఎలా కలిపారో ముందు చూస్తాను. కారు మంచిచెడ్డలు అక్కడే తేలతాయి.

అపోహ: ఎల్‌ఎస్ వేశారు కాబట్టి ఇక రిపేర్ల దిగులు ఉండదు

ఎల్‌ఎస్ అంటే జనరల్ మోటార్స్ (జీఎం) వాళ్ల వీ8 ఇంజన్ల కుటుంబం. అందులో ఎల్‌ఎస్1 గట్టి ఇంజనే. 1997 కార్వెట్‌తో వచ్చింది. 5.7 లీటర్లు, అల్యూమినియం బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజన్ దిమ్మ), 345 హార్స్‌పవర్. అమెరికాలో 1993 నుంచి 95 దాకా అమ్మిన ఆర్‌ఎక్స్-7లో 1.3 లీటర్ల ట్విన్ టర్బో రోటరీ (పిస్టన్లకి బదులు తిరిగే రోటర్లుండే ఇంజన్) ఉండేది, 255 హార్స్‌పవర్. రోటర్ అంచుల్లో ఉండే అపెక్స్ సీళ్లు దెబ్బతిని కంప్రెషన్ (ఇంజన్ లోపలి ఒత్తిడి) పడిపోతే రోటరీని మళ్లీ కట్టించడం ఖరీదైన పని. అందుకే చాలామంది దాన్ని దించేసి ఎల్‌ఎస్ వేస్తారు. అందులో తప్పేమీ లేదు.

అయితే స్వాప్ చేసిన (ఇంజన్ మార్చిన) కారు దారిలో ఆగిపోయిందంటే, ఎక్కువసార్లు ఇంజన్ లోపల ఏమీ పోయి ఉండదు. దాని చుట్టూ ఉన్నవే పోతాయి.

వైరింగ్‌తో మొదలుపెట్టండి. ఆర్‌ఎక్స్-7లో ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తండి. కంపెనీ ఇసియు (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఉండే చోటు అదే, స్వాప్ చేసినవాళ్లు కొత్త కనెక్షన్లు కలిపేదీ ఎక్కువగా అక్కడే. హార్నెస్ (వైర్ల కట్ట) శుభ్రంగా చుట్టి ఉందా, కొత్త సర్క్యూట్లకి ఫ్యూజు, రిలే ఉన్నాయా, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్‌లోంచి వైర్లు దూర్చిన రంధ్రానికి రబ్బరు రింగు (గ్రామెట్) ఉందా చూడండి. వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టేసి ఉంటే, వర్షాకాలంలో స్టార్ట్ కాక, ఎందుకు కావట్లేదో తెలియక మీరు పడే పాట్లు నేను చెప్పనక్కర్లేదు. రివర్స్ లైట్లు వెలుగుతున్నాయా, స్పీడోమీటర్ సరిగ్గా చూపిస్తోందా, పెట్రోల్ ముల్లు కదులుతోందా అని కూడా అడగండి. ఈ చిన్నవాటిని వదిలేసినవాడు పెద్దవాటిని శ్రద్ధగా చేసి ఉంటాడని నేను నమ్మను.

తర్వాత కూలింగ్. ఎల్‌ఎస్ సిలిండర్ హెడ్ల నుంచి ఆవిరి, గాలి బయటికి పోవడానికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. అది రేడియేటర్‌కో, పైన పెట్టిన ట్యాంకుకో వెళ్లాలి. కొందరు తొందరలో దానికి బిరడా కొట్టేస్తారు. అప్పుడు గాలి లోపలే చిక్కుకుని హెడ్ అక్కడక్కడా విపరీతంగా వేడెక్కుతుంది. "ముల్లు మధ్యలోనే ఉంది కదా" అంటాడు అమ్మేవాడు. ఆర్‌ఎక్స్-7 కంపెనీ టెంపరేచర్ ముల్లు ఇంజన్ చాలా వేడెక్కేదాకా మధ్యలోనే నిలబడి ఉంటుంది, దాన్ని నమ్మకండి. అంకెల్లో చూపించే గేజ్ కానీ, ఇసియుకి పెట్టే స్కానర్ కానీ ఉండాలి. ఎండలో ఏసీ వేసి, ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు తిప్పండి. ఫ్యాన్లు వచ్చి వేడి నిలకడగా ఉంటే సరే. అంకె మెల్లగా ఎక్కుతూనే ఉంటే అక్కడితో ఆపేయండి.

ఇక వెనకవైపు. ఆర్‌ఎక్స్-7లో గేర్‌బాక్స్‌నీ, వెనక చక్రాలకి శక్తిని పంచే డిఫరెన్షియల్‌నీ కలుపుతూ పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అనే పొడవాటి దూలం ఉంటుంది. ఎల్‌ఎస్‌తో పాటు టీ56 గేర్‌బాక్స్ అమర్చేటప్పుడు ఆ దూలాన్ని తీసేస్తారు. అప్పుడు డిఫరెన్షియల్‌ని పట్టి ఉంచడానికి కొత్త మౌంటు కావాలి. పాత ఇంజన్ టార్క్ 217 పౌండ్-ఫుట్, కార్వెట్ ఎల్‌ఎస్1ది 350. అంత తేడాని కంపెనీ డిఫరెన్షియల్ ఎక్కువ కాలం మోయలేదు కాబట్టి తెలిసినవాళ్లు ఫోర్డ్ 8.8 డిఫరెన్షియల్ లాంటిది వేస్తారు. కారు కిందకి దూరి ఆ మౌంటు వెల్డింగ్ చూడండి. నడుపుతూ రెండో గేర్‌లో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కండి. వెనక నుంచి ధడ్‌మని దెబ్బ వినిపిస్తే మౌంటో, బుష్షులో, డిఫరెన్షియలో అరిగింది. ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే కారు సన్నగా వణికితే డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి శక్తిని మోసే కడ్డీ) కోణం కుదరలేదనో, బ్యాలెన్స్ లేదనో అనుమానించాలి.

అపోహ: ప్రకటనలో ఎల్‌ఎస్ అని రాశాడంటే కార్వెట్ ఇంజనే

పికప్ ట్రక్కుల్లో వచ్చిన 4.8, 5.3 లీటర్ల ఇంజన్లనీ ఎల్‌ఎస్ అనే అమ్ముతారు. అవి చెడ్డవి కావు. కానీ వాటిలో ఎక్కువ వాటికి ఇనుప బ్లాకు ఉంటుంది, అల్యూమినియం దానికంటే దాదాపు 40 కిలోలు ఎక్కువ బరువు. ధర కూడా చాలా తక్కువ. బ్లాకు మీద పోతపోసిన అంకెలు ఫోటో తీసుకుని సరిచూడండి.

ఎల్‌ఎస్ వేస్తే ముక్కు బరువెక్కి కారు తిరగదన్న మాటకి కూడా ఇక్కడే జవాబు ఉంది. అల్యూమినియం ఎల్‌ఎస్‌ని ఫైర్‌వాల్‌కి బాగా దగ్గరగా కూర్చోబెడితే ఆర్‌ఎక్స్-7 స్వభావం పెద్దగా మారదు. ఎందుకంటే రెండు టర్బోలు, వాటి గొట్టాలు, ఇంటర్‌కూలర్ కలిపితే పాతదీ అంత తేలికైనది కాదు. ఇనుప బ్లాకుతో మాత్రం తేడా చేతికి తెలుస్తుంది.

అపోహ: జపాన్ నుంచి తెచ్చిన ఇంజన్, తక్కువ మైళ్లే తిరిగింది

240ఎస్‌ఎక్స్‌లో ఎస్‌ఆర్20డెట్ (నిస్సాన్ వాళ్ల టర్బో ఇంజన్) వేసిన కార్లకి ఈ మాట తప్పకుండా తగిలిస్తారు. అమెరికాలో ఆ కారు కేఏ24 అనే టర్బో లేని ఇంజన్‌తో మాత్రమే అమ్మారు. ఎస్‌ఆర్20డెట్ ఇక్కడ ఏనాడూ అధికారికంగా రాలేదు. కారు లేకుండా విడిగా వచ్చిన ఇంజన్‌కి ఓడోమీటర్ ఉండదు, కాబట్టి మైళ్ల సంఖ్యకి రుజువూ ఉండదు. కంప్రెషన్ టెస్టూ, ఒత్తిడి ఎంత కారిపోతోందో చూసే లీక్-డౌన్ టెస్టూ చేయించండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడాలి. నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటం ముఖ్యం. రెవ్వులు (ఇంజన్ తిరిగే వేగం) హద్దు దాటిస్తే ఈ ఇంజన్‌లో వాల్వులని తెరిచే రాకర్ ఆర్మ్‌లు జారిపోతాయి కాబట్టి, వీలైతే వాల్వ్ కవర్ తీయించి లోపల చూడండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాచిన లోపాలు బయటపడతాయి కాబట్టి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి.

అపోహ: నంబర్ ప్లేటు ఉంది, రోడ్డు మీద తిరుగుతోంది, అంటే లీగలే

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎందుకంటే ఉద్యోగాల కోసం రాష్ట్రం మారుతుంటాం. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్, హారిస్, ట్రావిస్ వంటి కౌంటీల్లో ఉద్గారాల పరీక్ష ఉన్నా, 24 ఏళ్లు దాటిన కార్లకి అదీ లేదు. కాబట్టి 1994 ఆర్‌ఎక్స్-7లో ఏ ఇంజన్ ఉన్నా ఇక్కడ రిజిస్ట్రేషన్ దగ్గర ఎవరూ అడగరు. అదే కారుతో బే ఏరియాకి మారితే కథ వేరు.

కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకి స్మాగ్ (ఉద్గారాల) పరీక్ష తప్పదు. ఇంజన్ మార్చిన కారుని రాష్ట్రం తరఫున తనిఖీ చేసే స్మాగ్ రెఫరీ చూడాలి. కొత్త ఇంజన్ కారు మోడల్ సంవత్సరానిదో, ఆ తర్వాతిదో అయి ఉండాలి. తక్కువ ప్రమాణాలున్న వాహన తరగతి నుంచి తెచ్చినది కుదరదు. ఆ ఇంజన్‌తో కంపెనీ ఇచ్చిన క్యాటలిటిక్ కన్వర్టర్లు, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోల్ ఆవిరిని పట్టే క్యానిస్టర్ అన్నీ ఉండాలి. 1998 ఎల్‌ఎస్1 అయితే ఓబీడీ2 సాకెట్ (స్కానర్ కలిపేది), చెక్ ఇంజన్ లైటు పనిచేయాలి. అన్నీ కుదిరితే రెఫరీ కారుకి లేబుల్ అతికిస్తారు. కాలిఫోర్నియాలో అలాంటి కారు కొనేటప్పుడు ఆ లేబుల్ చూపించమనండి. "స్మాగ్ నువ్వే చేయించుకో" అనే అమ్మకందారుకి మీరు ఒప్పుకోనక్కర్లేదు. అక్కడ స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవాడిదే.

ఇండియాకి వెళ్లాక హైదరాబాద్‌లో ఇలాంటిది చేయిద్దామని అడిగేవాళ్లూ ఉన్నారు. అక్కడ ఆర్సీలోనే ఇంజన్ నంబరు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే తేల్చి చెప్పింది. అదే రకం ఇంజన్ వేసుకోవాలన్నా ఆర్టీవో అనుమతి కావాలి.

అపోహ: ఏసీకి గ్యాస్ నింపితే చాలు

గ్యాస్ ఒక్కటే తక్కువైతే అమ్మేముందు అతనే నింపించి, ఇంకాస్త ధర చెప్పేవాడు. స్వాప్ కార్లలో చాలాసార్లు కంప్రెసర్‌కి చోటు కుదరక తీసేస్తారు, లేదా గొట్టాలు కలపకుండా వదిలేస్తారు. బెల్టు ఎక్కడెక్కడ తిరుగుతోందో చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. టెక్సాస్ ఎండలో ఏసీ లేని కారు వారాంతానికే పనికొస్తుంది, ఆ లెక్కన ధర మాట్లాడండి.

అపోహ: ఇంత ఖర్చు పెట్టాడు, అందులో సగానికే ఇస్తున్నాడు

పెట్టిన ఖర్చుకీ కారు విలువకీ సంబంధం లేదు. రసీదుల కట్ట మాత్రం తప్పకుండా చూడండి. మొత్తం కోసం కాదు, ఏ కంపెనీ మౌంటు కిట్ వాడారు, ఏ క్లచ్, ఏ పెట్రోల్ పంపు, ట్యూన్ (ఇసియు సెట్టింగులు) ఎవరు చేశారు అన్నవి తెలుసుకోవడానికి. రేపు ఏదైనా పోతే ఏ భాగం తెప్పించాలో చెప్పేవి అవే. హార్స్‌పవర్ కొలిచిన డైనో కాగితం కంటే నాకు ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో చూపే హార్నెస్ పిన్‌అవుట్ చిత్రం విలువైనది. ట్యూన్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. ఇసియుకి తాళం వేసిన ట్యూనర్ తర్వాత దొరక్కపోతే మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాలి.

ఇన్సూరెన్స్ కంపెనీకి స్వాప్ సంగతి ముందే చెప్పి, కారు విలువ ఎంతో ముందే ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న పాలసీ తీసుకోండి. మామూలు పాలసీ అయితే ప్రమాదం జరిగాక మీకు ఆ పాత మోడల్ మార్కెట్ ధరే లెక్కగడతారు. కారు ఇంటికి తెచ్చే రోజుకే ఆ పాలసీ అమల్లో ఉండాలి.