చలి ఉదయాన పడవ డీజిల్ ఇంజను: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ దగ్గర 2018లో గురుప్రియ వంతెన తెరిచాక, లాంచీ తప్ప వేరే దిక్కు లేని స్థితి చాలా ఊళ్లకు తప్పింది. అయినా బలిమెల జలాశయంలో పడవలున్నంతకాలం పుష్యమాసపు తెల్లవారుజామున మొండికేసే ఇంజన్లూ ఉంటాయి. ఈ పని చేసే మెకానిక్కుగా నేను తరచూ వినే మాటల్లో కొన్నింటిని సరిచేయడం అవసరమనిపించింది.

అపోహ: రాత్రి చలికి డీజిల్ గడ్డకట్టింది.

వాస్తవం: డీజిల్ నీళ్లలా ఒక్కసారిగా గడ్డకట్టదు, చలి పెరిగేకొద్దీ అందులోని మైనం సన్నని పలుకులుగా విడిపోయి ఫిల్టరును మూసేస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం, డీజిల్ ఫిల్టరు గుండా సాగకుండా ఆగిపోయే ఉష్ణోగ్రత శీతకాలపు సరుకుకు 6 డిగ్రీలను, వేసవి సరుకుకు 18 డిగ్రీలను మించకూడదు. అందువల్ల ఇటీవల బంకులో పట్టించిన డీజిల్ కన్నా, ఎండాకాలంలో కొని పీపాలో దాచినదాన్నే ముందు అనుమానించాలి. దానికి విరుగుడుగా కిరోసిన్ కలపడం మంచిది కాదు, ఎందుకంటే పంపుకూ నాజిల్‌కూ డీజిలే కందెన, కిరోసిన్ ఆ జిడ్డును తగ్గిస్తుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రిపూట చెమ్మ దిగి అడుగున నీరు చేరుతుంది కాబట్టి, సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టడం మేలు.

అపోహ: అంటుకునేదాకా సెల్ఫ్ కొడుతూనే ఉండాలి.

వాస్తవం: చాలా పడవలకు నష్టం జరిగేది ఇక్కడే. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలి 16 నుంచి 22 రెట్లు కుదించుకుపోయినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. చలికి బ్యాటరీ బలం తగ్గి, ఆయిల్ చిక్కబడి ఇంజను నెమ్మదిగా తిరిగితే, ఆ వేడి సిలిండర్ గోడల్లోకి పోతుంది. అప్పుడు ఎంతసేపు తిప్పినా సెల్ఫ్ మోటారు కాలుతుందే తప్ప ఇంజను అంటుకోదు. పది పదిహేను సెకన్లు తిప్పి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. తిప్పుతున్నప్పుడు పొగగొట్టాన్ని గమనించండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ అందుతోంది, వేడి చాలడం లేదని అర్థం. పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు, కాబట్టి ఫిల్టరు, పైపుల్లో పట్టిన గాలి చూడాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది.

బయటి నీటిని పొగగొట్టంలో కలిపి వదిలే లాంచీ ఇంజన్లకు ఇంకో ప్రమాదం ఉంది. అంటుకోకుండా సెల్ఫ్‌తో ఇంజను తిరిగినంతసేపూ పంపు నీరు తోస్తూనే ఉంటుంది, దాన్ని బయటికి ఊదే పొగ మాత్రం ఉండదు. ఆ నీరు సైలెన్సరులో నిండి, వెనక్కి సిలిండర్లలోకి దిగితే పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. రెండు మూడు సార్లకు అంటుకోకపోతే బయటి నీరు లోపలికి వచ్చే కాక్ మూసి ప్రయత్నించి, అంటుకున్న వెంటనే తెరవాలి.

అపోహ: గాలి లాగే చోట మండే గుడ్డ పెట్టినా, ఈథర్ స్ప్రే కొట్టినా చాలు.

వాస్తవం: పడవలో నిప్పు వెలిగించడం ప్రాణాలతో చెలగాటమే. ఈథర్ సమయానికి ముందే పేలి పిస్టన్‌నూ రింగులనూ విరగ్గొట్టగలదు. సిలిండర్‌ను ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్గులున్న ఇంజనులో అది మరీ ప్రమాదకరం. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టం (ఇన్‌టేక్ మానిఫోల్డ్) మీద చుడితే కొంత ఫలితం ఉంటుంది. చల్లటి ఫ్యూయల్ పంపు మీద మాత్రం వేడినీళ్లు పోయకండి, లోపలి భాగాలు పట్టేయవచ్చు.

హీటర్ ప్లగ్గులు అన్ని ఇంజన్లకూ ఉండవు. హ్యాండిల్‌తో తిప్పే సింగిల్ సిలిండర్ ఇంజనుకు వేగమే వేడి: సిలిండర్‌లో గాలి కుదించుకుపోకుండా చేసే డీకంప్రెషన్ లివర్ ఎత్తి ఫ్లైవీలు బాగా ఊపందుకునేదాకా తిప్పి, అప్పుడే లివర్ వదలాలి. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచండి, ఇంజను వెనక్కి తన్నితే చేయి దక్కుతుంది.

అపోహ: చిక్కటి ఆయిలే ఇంజనుకు రక్ష.

వాస్తవం: తయారీదారు చెప్పిన గ్రేడే వాడాలి. 15డబ్ల్యూ-40లో డబ్ల్యూ అన్నది చలికాలపు గుర్తు. చల్లటి ఇంజను తేలిగ్గా తిరగడానికి అలాంటి ఆయిల్ సాయపడుతుంది.

అపోహ: అంటుకున్నాక అరగంట ఐడిల్‌లో ఉంచితేనే వేడెక్కుతుంది.

వాస్తవం: లోడు లేని డీజిల్ ఇంజను చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది, పూర్తిగా మండని ఇంధనం సిలిండర్ లోపలి గోడల (లైనర్ల) మీది ఆయిల్ పొరను కడిగేస్తూ కిందికి దిగి ఆయిల్‌ను పలుచన చేస్తుంది. ఆయిల్ ప్రెషర్ వచ్చిందనీ, పొగగొట్టం నుంచి నీరు పడుతోందనీ చూసుకుని, కొద్ది నిమిషాల్లో తాడు విప్పి, ఇంజను కాగేదాకా తక్కువ వేగంతో నడపండి.