ముద్ర వంకరగా పడితే ఓటు పోతుందా? పంచాయతీ బ్యాలెట్‌పై అపోహలు - వాస్తవాలు

పంచాయతీ ఎన్నికల శిక్షణలో పి.ఓ.లు (ప్రిసైడింగ్ ఆఫీసర్లు, అంటే పోలింగ్ కేంద్రం బాధ్యులు), ఓపీఓలు (వాళ్ళ కింద పనిచేసే ఇతర పోలింగ్ అధికారులు) అడిగేదీ, ఊళ్ళలో అవగాహన సభల్లో ఓటర్లు అడిగేదీ దాదాపు ఒకటే: "సార్, ఇట్లయితే ఓటు చెల్లదు కదా?" అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఈవీఎం బటన్ నొక్కి అలవాటైన జనం. తెలంగాణలో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో జరిగిన గ్రామ పంచాయతీ పోలింగ్‌లో మాత్రం కాగితం, స్వస్తిక్ ముద్ర, బ్యాలెట్ పెట్టె. టెన్షన్ పడటంలో తప్పు లేదు. ఆ టెన్షన్‌ని వాడుకుని పుకార్లు పుట్టించేవాళ్ళ మీదే నా కోపం.

అపోహ: ముద్ర మసకగా పడినా, రెండుసార్లు పడినా, మడిచినప్పుడు సిరా అంటుకున్నా ఓటు చెల్లదు.

చెల్లుతుంది. ఓటు ఎవరికి వేశారో స్పష్టంగా తెలిసినంత వరకు చెల్లుతుంది. ఒకే గుర్తు మీద రెండు ముద్రలు పడితే ఒక ఓటుగా లెక్కిస్తారు. తడి సిరా మడతలో ఇంకో గుర్తు మీద అంటుకుంటే, అది లేతగా, అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది. అసలు ముద్ర ఏదో, అంటుకున్నది ఏదో కాస్త ఓపికగా చూస్తే తేలిపోతుంది.

ఓటు నిజంగా పోయే సందర్భాలు వేరు. ఇద్దరు అభ్యర్థుల గుర్తుల మీద ముద్రలు వేయడం. ముద్ర సరిగ్గా రెండు గడుల మధ్య గీత మీద పడి ఎవరిదో తేలకపోవడం. అసలు ముద్రే వేయకపోవడం, లేదా కాగితం వెనకవైపు మాత్రమే వేయడం. పేరో సంతకమో రాసి ఓటు ఎవరిదో బయటపడేలా చేయడం. అన్నిటికన్నా బాధ కలిగించేది, ముద్రకు బదులు వేలిముద్ర వేయడం.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చదువురాని పెద్దవాళ్ళకు బ్యాంకులో, రేషన్ షాపులో, పింఛను దగ్గర వేలిముద్రే సంతకం. పోలింగ్ కేంద్రంలో కూడా బ్యాలెట్ ఇచ్చే ముందు కౌంటర్‌ఫాయిల్ (బ్యాలెట్ చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్క) మీద వేలిముద్ర తీసుకుంటాం. ఒక నిమిషం ముందు ప్రభుత్వ ఉద్యోగే వేలు పట్టుకుని వేయించాడు కాబట్టి, లోపలికి వెళ్ళి బ్యాలెట్ మీద కూడా వేలే వేస్తారు. వాళ్ళ తప్పేముంది? అందుకే శిక్షణలో నేను రెండు విషయాలు గట్టిగా చెబుతాను. వేలిముద్ర తీసుకోగానే తడిగుడ్డతో ఆ వేలు తుడిపించండి. బ్యాలెట్ చేతికిస్తూ "అవ్వా, దీని మీద వేలు వద్దు, ఈ ముద్రే గుద్దాలె" అని చెప్పి, ముద్ర చూపించండి. గుర్తు పేరెత్తకుండా ఇంతవరకు చెప్పడం ఓపీఓ బాధ్యతే.

మడత కూడా అంతే. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. నిలువుగా మడిస్తే తడి సిరా అదే అభ్యర్థి వరసలో అంటుతుంది, పైనా కిందా ఉన్నవాళ్ళ మీద కాదు. బ్యాలెట్ ఇచ్చే ముందే అలా మడిచి, విప్పి ఇస్తే ఓటరు చేయి ఆ మడతల వెంటే పోతుంది.

ఒక ఊళ్ళో ఓ పెద్దావిడ ముద్ర పక్కకు జరిగిందని కంపార్ట్‌మెంట్‌లోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "సారూ, నా ఓటు ఖరాబైంది, నా మనవడికి ఏం చెప్పాలె?" మనవడు వార్డు మెంబరుకు నిలబడ్డాడు. బ్యాలెట్ విప్పి చూపించవద్దని, గడిలోనే పడితే ఏం కాదని పి.ఓ. ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. అలాంటప్పుడు దారి ఉంది: పొరపాటున పాడైన బ్యాలెట్‌ను పెట్టెలో వేయకముందు పి.ఓ.కు తిరిగిస్తే, దాన్ని రద్దు చేసి ఇంకోటి ఇస్తారు. ఆమెకూ అలాగే ఇచ్చారు. పెట్టెలో పడ్డాక మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

కౌంటింగ్ సిబ్బందిలో కూడా ఒక అపోహ పాతుకుపోయింది: అనుమానం వస్తే పక్కన పడేయడమే సేఫ్ అని. సేఫ్ ఎవరికి? వార్డుల్లో ఒక్క ఓటుతో గెలుపోటములు తేలుతాయి. ఓట్లు సమానమైతే లాటరీ తీస్తారు. తొందరపడి పక్కన పెట్టిన ఒక్క కాగితం ఐదేళ్ళ ఫలితాన్ని మార్చగలదు. మధ్యాహ్నం రెండు నుంచి కౌంటింగ్, పొద్దున్నుంచి డ్యూటీలోనే ఉన్న మనుషులు, చుట్టూ ఏజెంట్ల అరుపులు. ఆ అలసట నాకు తెలుసు. అయినా కాగితం వెలుతురులోకి తీసుకుని చూడాల్సిందే.

అపోహ: బ్యాలెట్‌లో మా అభ్యర్థి పేరు లేదు, మోసం జరిగింది.

గ్రామ పంచాయతీ బ్యాలెట్ మీద పేర్లుండవు, గుర్తులు మాత్రమే ఉంటాయి. అవి పార్టీ గుర్తులు కూడా కావు. సర్పంచ్‌కు గులాబీ కాగితం మీద ఉంగరం, కత్తెర లాంటివి. వార్డు మెంబరుకు తెల్ల కాగితం మీద గ్యాస్ పొయ్యి, స్టూల్ లాంటివి. ఇంటి నుంచి బయల్దేరే ముందే రెండు గుర్తులూ గుర్తుపెట్టుకోండి. రెండు కాగితాల మీదా ఒక్కో ముద్ర. చాలామంది గులాబీ మీద గుద్ది, తెల్లది ఖాళీగా పెట్టెలో వేసి వస్తున్నారు.

అపోహ: బ్యాలెట్ నంబరు చూసి ఎవరికి వేశామో కనుక్కుంటారు.

డబ్బు పంచినవాళ్ళు బెదిరించడానికి చెప్పే మాట ఇది. ఏ నంబరు బ్యాలెట్ ఎవరికిచ్చారో తెలిసేది కౌంటర్‌ఫాయిళ్ళ మీదే, అవి పోలింగ్ అయ్యాక సీలు పడతాయి. వాటిని ఊళ్ళో ఎవరూ విప్పలేరు. భయపడకండి.

మిగతావి క్లుప్తంగా. ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన ఓటున్నట్టు కాదు, ఆ వార్డు జాబితాలో పేరుండాలి. పేరుంటే ఆధార్ చూపించినా సరిపోతుంది. మన దగ్గర నోటాకు ఎక్కువ ఓట్లొచ్చినా ఎన్నిక రద్దు కాదు, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాళ్ళే గెలుస్తారు. చూపులేనివాళ్ళ వెంట 18 ఏళ్ళు నిండిన సహాయకుడు వెళ్ళవచ్చు, పోలింగ్ సిబ్బంది వాళ్ళ తరఫున ముద్ర వేయకూడదు. మీ ఓటు ఇంకెవరో వేసేశారని తెలిస్తే వెనక్కి రాకండి, టెండర్ ఓటు (పెట్టెలో వేయకుండా విడిగా కవరులో పెట్టే ఓటు) అడగండి. ఒంటిగంటకు గేటు మూస్తారు గానీ అప్పటికే లైన్లో ఉన్నవాళ్ళందరికీ ఓటు ఉంటుంది. పి.ఓ.లు వాళ్ళకిచ్చే చీటీలు లైను చివర నిలబడ్డ మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు పంచుకుంటూ రావాలి. ముందు నుంచి పంచితే వెనక కొత్తవాళ్ళు చేరుతూనే ఉంటారు, గొడవ అక్కడే మొదలవుతుంది.