మోయాబ్ జీపు దారుల గొడవ: అసలు ముడి 2003 ఏప్రిల్‌లో పడింది

అమెరికాలోని యూటా రాష్ట్రంలో లాబిరింత్ కాన్యన్ అనే లోయ జీపు దారుల రచ్చ మళ్లీ మొదలైంది. అక్కడున్న మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే ఆర్చెస్ నేషనల్ పార్కు చూడ్డానికి దిగే మోయాబ్ ఊరికి దగ్గర్లోనే ఇదంతా. అక్కడి ప్రభుత్వ భూములు చూసే కేంద్ర సంస్థ బీఎల్ఎం, 2023 సెప్టెంబరులో 1,100 మైళ్లకు పైగా ఉన్న దారుల్లో 317 మైళ్లు బండ్లకు మూసేసింది. మూడో వంతు కూడా కాదు. అయినా జీపు సంఘాలూ రాష్ట్ర ప్రభుత్వమూ ఒప్పుకోలేదు, కోర్టుకెళ్లాయి.

ఈ గొడవ వెనకున్నది వైల్డర్‌నెస్ చట్టం, అంటే కొన్ని నేలల్ని బండ్లు తిరగకుండా సహజంగా వదిలేయాలనే చట్టం. దాని పుట్టుపూర్వోత్తరాలు అందరూ రాసేవే, వదిలేద్దాం. ఒక్క ముక్క గుర్తుంటే చాలు: ఆ వైల్డర్‌నెస్ హోదా రావాలంటే ఆ నేలలో రోడ్డు ఉండకూడదు. తెలంగాణ పల్లెల్లో పొలాల మధ్య నక్షా బాట ఉందా లేదా అని కొట్టుకుంటారు చూడండి, ఇదీ ఆ బాపతు తగాదానే. అక్కడి మట్టి మీద సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి కట్టిన నల్లటి పెచ్చు ఉంటుంది, ఒక్క టైరు ఎక్కితే నలిగిపోతుంది, మళ్లీ కట్టుకోడానికి దశాబ్దాలు పడుతుంది. అంతకాలం ఆ చార కనిపిస్తూనే ఉంటుంది, కనిపించినంత కాలం దాన్ని చూపించి ఇదిగో రోడ్డు అనొచ్చు.

ఇక అసలు సంగతి. క్లింటన్ హయాంలో ఇంటీరియర్ మంత్రి (బీఎల్ఎం ఈయన శాఖ కిందే) బ్రూస్ బాబిట్ యూటా భూముల్ని మళ్లీ సర్వే చేయించాడు. వైల్డర్‌నెస్ హోదా సంగతి తేలేదాకా అప్పటికే తాత్కాలిక రక్షణలో ఉన్న 32 లక్షల ఎకరాలు కాక, ఆ హోదాకి అర్హత ఉన్నవి ఇంకో 26 లక్షల ఎకరాలు తేలాయి. ఈ సర్వే మీద రాష్ట్రం 1996లోనే కేసు వేసింది, చాలా భాగం పై కోర్టులో నిలబడలేదు, మిగిలింది మూలన పడింది. బుష్ ప్రభుత్వం వచ్చాక 2003లో దాన్ని దుమ్ము దులిపి బయటికి తీశారు. ఏప్రిల్ 11, శుక్రవారం సాయంత్రం, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సెలవులకు వెళ్తున్న వేళ, బుష్ ఇంటీరియర్ మంత్రి గేల్ నార్టన్, యూటా గవర్నర్ మైక్ లెవిట్ రాజీ కుదిరిందని ప్రకటించారు. బీఎల్ఎం ఇకమీదట కొత్తగా ఏ నేలకీ ఆ తాత్కాలిక రక్షణ ఇవ్వకూడదట! బహిరంగ విచారణ లేదు, ఎవర్నీ అడగలేదు. అదే వారంలో వీళ్లిద్దరూ పాత రోడ్ల హక్కుల మీద ఇంకో ఒప్పందం కూడా చేసుకున్నారు. కొన్ని నెలలకే లెవిట్‌ని కేంద్ర పర్యావరణ సంస్థకి అధిపతిగా నామినేట్ చేశారు, అది యాదృచ్ఛికమో కాదో మీరే అనుకోండి.

ఆ తర్వాతా గొడవ ఆగలేదు. బండ్లు పాడుచేస్తుంటే బీఎల్ఎం చూస్తూ కూర్చుందని పర్యావరణ సంఘం వేసిన దావాను 2004లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. 2008 అక్టోబరులో, బుష్ దిగిపోయే ముందు, వేల మైళ్ల దారులకు అనుమతిస్తూ ఆరు ప్లాన్లు గబగబా ఖాయం చేశారు. 2010 డిసెంబరులో ఒబామా మంత్రి కెన్ సలజార్ ఆ రాజీకి విరుగుడుగా కొత్త విధానం తెస్తే, నాలుగు నెలలు తిరక్కుండానే బడ్జెట్ బేరంలో దానికి నిధులు లేకుండా చేశారు. 2014లో అయితే ఫిల్ లైమన్ అనే కౌంటీ (జిల్లా లాంటిది) కమిషనర్, పురాతన అవశేషాలు దెబ్బతింటున్నాయని మూసేసిన రికాప్చర్ కాన్యన్‌లోకి జనాన్ని వెంటేసుకుని బండి నడిపాడు. పది రోజుల జైలు పడింది. 2020లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు.

జీపు వాళ్ల మాటా కొట్టిపారేసేది కాదు. 1950ల యురేనియం తవ్వకాల నాటి దారులవి, నడవలేని వాళ్లు లోపలికి ఎలా పోవాలి, ఊరికి డబ్బు మా వల్ల రావట్లేదా అంటారు. వస్తోంది, నిజమే.

2008 ప్లాన్ల మీద నడిచిన కేసు 2017లో రాజీతో ముగిసి, దారులన్నీ మళ్లీ లెక్కపెట్టాల్సి వచ్చింది. ఆ 317 మైళ్లు అలా తేలినవే. కానీ 1866 నాటి మైనింగ్ చట్టంలో, ప్రభుత్వ భూముల మీద రోడ్డు వేసుకునే హక్కు ఇస్తూ ఒక వాక్యం ఉండేది. 1976లో దాన్ని రద్దు చేసినా, అప్పటికే ఉన్న రోడ్ల హక్కులు అలాగే ఉంచారు. ఆ సందులోంచే యూటా 12 వేలకు పైగా దారులు మావేనని కోర్టుకెక్కింది. లాబిరింత్‌లో మూసిన వాటిలోనూ కొన్ని ఆ జాబితాలోవేనని వాదిస్తోంది. జడ్జి వాటిని రోడ్లే అన్నాడంటే, వాటికి గేటు పెట్టడం బీఎల్ఎం చేతిలో ఉండదు.