ర్యాంపు దాకా వచ్చిన చట్టం, టేబుల్ దాకా రాలేదు

"టేబుల్ ఎక్కి పడుకోండమ్మా" అంది నర్సు. మా పెద్దమ్మ రొమ్ము పరీక్ష అక్కడితో ఆగిపోయింది. ఆమెకి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. వీల్‌చైర్‌లో కూర్చుంటే ఆ టేబుల్ ఆమె ఛాతీ ఎత్తున ఉంది. పక్కన ఒక ఇనుప మెట్టు. ఎత్తి పడుకోబెట్టడానికి ఇద్దరు మగవాళ్లను పిలవబోతుంటే "వద్దులే, ఇంటికి పోదాం పద" అంది. ఆసుపత్రి గుమ్మం దగ్గర ర్యాంపు మాత్రం చక్కగా ఉంది.

ఆ ర్యాంపుకీ టేబుల్‌కీ మధ్య ఉన్న దూరానికి ఒక చరిత్ర ఉంది. వికలాంగుల హక్కులకు పెద్ద మలుపుగా చెప్పుకునే అమెరికా చట్టం 1990 జూలైలో వచ్చింది. తలుపు వెడల్పు, టాయిలెట్, పార్కింగ్ అన్నిటికీ కొలతలు వచ్చాయి. పరీక్ష టేబుల్‌కీ, రొమ్ముకి ఎక్స్‌రే తీసే మామోగ్రఫీ మిషన్‌కీ రాలేదు. 2010 ఆరోగ్య చట్టం ఆ కొలతలు తయారుచేయమంది. అవి 2017లో వచ్చాయి, కానీ పాటించి తీరాలన్న నియమం లేదు. టేబుల్ నేల నుంచి 17 అంగుళాల ఎత్తు దాకా కిందికి దిగాలని తేల్చింది, ప్రభుత్వ ఆసుపత్రులకు అలాంటి టేబుల్ తప్పనిసరి చేసింది 2024లో. అంటే 34 ఏళ్లు.

ఈలోపు జరిగిన నష్టం చిన్నది కాదు. 65 ఏళ్లలోపు వికలాంగ మహిళల రొమ్ము క్యాన్సర్ చికిత్సపై 2006లో అక్కడ ఒక అధ్యయనం వచ్చింది. రొమ్ము తీసేయకుండా చేసే ఆపరేషన్ వాళ్లకి తక్కువగా జరిగింది. అది చేయించుకున్నవాళ్లలో కూడా రేడియేషన్ అందింది తక్కువమందికి. ఆ క్యాన్సర్‌తో చనిపోయే ముప్పూ మిగతావాళ్లకన్నా ఎక్కువే. 2021లో 714 మంది అమెరికా డాక్టర్లను అడిగితే 82 శాతం మంది, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ల జీవితం ఇతరులకంటే నాసిగా ఉంటుందన్నారు. ఆ అభిప్రాయం మనసులో పెట్టుకున్న డాక్టరు గట్టి చికిత్స మాట ఎంత గట్టిగా ఎత్తుతారు? నాకు టేబుల్ కన్నా ఇదే ఎక్కువ భయం.

మన దగ్గర 2016లో రెండు పనులు జరిగాయి. 30 నుంచి 65 ఏళ్లవాళ్లకి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్‌కి, అంటే జబ్బు లక్షణాలు కనిపించకముందే చేసే పరీక్షలకి, కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రతి భాగానికీ అడ్డంకులు లేకుండా వెళ్లగలగాలని దాని 25వ సెక్షన్ చెబుతోంది. కానీ కొలతలు మళ్లీ సలహాలుగానే మిగిలాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీరును తప్పుబట్టి, తప్పనిసరి నియమాలు చేయమని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది.

స్క్రీనింగ్ మనలో ఎవరికీ సరిగా అందట్లేదన్నది నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నది 1.9 శాతం. కానీ ఒక తరం సంగతి ప్రత్యేకంగా చూడాలి. పోలియోని తరిమేశాం, 2014లో ధ్రువపత్రం కూడా వచ్చింది. అంతకుముందు, 60ల్లో, 70ల్లో పుట్టి ఆ జబ్బు బారిన పడిన ఆడవాళ్లు ఇప్పుడు సరిగ్గా క్యాన్సర్ పరీక్షలు చేయించుకోవాల్సిన వయసులో ఉన్నారు.

పెద్దమ్మని ఇంకోచోటికి తీసుకెళ్లడానికి ఎనిమిది నెలలు బతిమాలాను. అక్కడి డాక్టరమ్మ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, వీల్‌చైర్‌లో ఉండగానే చేత్తో రొమ్ము పరీక్ష చేసింది. పది నిమిషాలు పట్టింది. గడ్డ ఏమీ లేదంది. గర్భాశయ ముఖద్వార పరీక్ష గురించి అడిగితే, లోపల్నుంచి నర్సు "ఆమెకి పెళ్లి కాలేదు కదా, అదెందుకు?" అంది. డాక్టరమ్మ ఆమెని వారించి, చేయాల్సిందేనంది. ఆ పరీక్ష ఇంకా కాలేదు. దానికి టేబుల్ ఎక్కాలి.