'ఇప్పటికిప్పుడు ఇబ్బందేమీ లేదు'

2011 మార్చిలో, ఫుకుషిమా అణువిద్యుత్ ప్లాంటు ప్రమాదమప్పుడు, జపాన్ టీవీల్లో ఏ వేళ చూసినా ఒకే మనిషి. నీలం రంగు పని దుస్తుల్లో, నిద్ర లేని కళ్లతో కేబినెట్ ప్రధాన కార్యదర్శి యుకియో ఎదానో. ఆయన అవస్థ చూడలేక జనం ట్విట్టర్‌లో 'ఎదానో, ఇక పడుకో' అని రాశారు. ఆ మనిషి మీద జాలి ఉంది కానీ, ఆయన చెప్పే మాట మీదే నమ్మకం లేదు. రేడియేషన్ గురించి చెప్పేటప్పుడు ఆయన నోట తరచూ 'తదచిని' అనే పదం వచ్చేది. తదచిని ఆరోగ్యానికి హాని కలిగించే స్థాయి కాదు. అంటే, ఇప్పటికిప్పుడు ఇబ్బందేమీ లేదు. చంటిపిల్ల తల్లి ఈ మాట వింటే అడిగేది ఒక్కటే: మరి పదేళ్ల తర్వాతో?

ఆ అపనమ్మకం ఒక్క రోజులో పుట్టింది కాదు.

1954 మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించినప్పుడు ఆ బూడిద జపాన్ చేపల పడవ 'దైగో ఫుకుర్యు మారు' మీద రాలింది. అందులోని 23 మందికీ రేడియేషన్ జబ్బు చేసింది, ఆ సెప్టెంబర్‌లో ఒకరు చనిపోయారు. చేపలు కొనాలంటేనే జనం జంకారు. టోక్యోలోని సుగినామిలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సంతకాల సేకరణ దేశమంతా పాకి 3 కోట్లు దాటింది. విచిత్రమేమిటంటే, జపాన్ పార్లమెంటులో మొట్టమొదటి అణు బడ్జెట్ కదిలింది కూడా సరిగ్గా ఆ మార్చిలోనే. బాంబు వేరు, కరెంటు వేరు అని జనానికి నచ్చజెప్పే పని అప్పుడు మొదలైంది.

ఆ ప్రమాదం జరిగిన ఫుకుషిమా దాయిచి ప్లాంటులో మొదటి రియాక్టర్ 1971లో నడవడం మొదలుపెట్టింది. సముద్రానికి సుమారు 35 మీటర్ల ఎత్తున ఉన్న గట్టును 10 మీటర్లకు చెక్కి మరీ అక్కడ కట్టారు. కరెంటు వెళ్లేది టోక్యో వైపుకి. ఊరికి మిగిలేవి ఉద్యోగాలు, గ్రాంట్లు. ప్లాంటును ఒప్పుకున్న ఊళ్లకు డబ్బు ఇచ్చేందుకు 1974లో ఏకంగా మూడు చట్టాలే చేశారు. ప్లాంటున్న ఫుతాబా ఊళ్లో వీధికి అడ్డంగా ఒక స్వాగత తోరణం ఉండేది. 'అణుశక్తి: వెలుగు నిండిన భవిష్యత్తుకు శక్తి' అని దాని మీద రాసి ఉండేది. ఆ నినాదం 1980ల చివర్లో ఆ ఊరి బడి పిల్లాడు రాసింది. ప్రమాదం తర్వాత అతనే, పెద్దవాడై, తెల్లటి రక్షణ దుస్తుల్లో అదే తోరణం కింద నిలబడ్డాడు. 'వెలుగు' అన్న మాటకు అడ్డంగా 'వినాశనం' అని రాసిన కాగితం ఎత్తి పట్టుకుని ఫొటో దిగాడు. తర్వాత తోరణం తీసేస్తామన్నప్పుడు వద్దన్నదీ అతనే. తప్పు కళ్ల ముందే ఉండాలన్నాడు.

మధ్యలో హెచ్చరికలు చాలానే వచ్చాయి. 1995లో మొంజు రియాక్టర్‌లో సోడియం లీకైతే, అసలు దృశ్యాలు కత్తిరించిన వీడియో బయటపెట్టారు. 1999లో తొకైమురాలోని అణు ఇంధన కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో ఇద్దరు కార్మికులు చనిపోయారు, 10 కిలోమీటర్ల లోపు 3 లక్షల మందికి పైగా తలుపులు వేసుకుని కూర్చున్నారు. 2002లో, ఫుకుషిమా ప్లాంటు నడిపే టెప్కో కంపెనీ తనిఖీ రికార్డులు దిద్దిన సంగతి బయటపడి, మరుసటి ఏడాది దాని 17 రియాక్టర్లూ ఆగిపోయాయి. 2007 జూలై 16 భూకంపంలో కషివజాకి కరివా ప్లాంటు ట్రాన్స్‌ఫార్మర్ తగలబడుతుంటే జనం టీవీలో దాదాపు 2 గంటలు ఆ నల్లటి పొగే చూశారు. రేడియేషన్ లీక్ ఏమీ లేదన్నారు. తర్వాత ఉందన్నారు. ఆ తర్వాత ముందు చెప్పిన అంకెను సగం మేర పెంచారు.

ఇవన్నీ గుర్తున్న జనం ముందుకి 2011 మార్చి 11 వచ్చింది. మధ్యాహ్నం 2:46కి 9.0 తీవ్రతతో భూకంపం, ముప్పావు గంట దాటాక 14, 15 మీటర్ల ఎత్తున సునామీ. బేస్‌మెంట్లలోని డీజిల్ జనరేటర్లు మునిగి, రియాక్టర్లను చల్లార్చే దారి పోయింది. ఎవరూ ఊహించనిదన్నారు. కానీ 15.7 మీటర్ల అల రావచ్చని టెప్కో లెక్క 2008లోనే తేలి, కంపెనీ ఫైళ్లలో పడి ఉంది.

ఖాళీ చేయమన్న దూరం ఆ రాత్రి 2 కిలోమీటర్లు, కాసేపటికి 3, తెల్లారేసరికి 10, మరుసటి సాయంత్రానికి 20. రెండు మూడు రోజుల్లో తిరిగొస్తాం అనుకుని చాలామంది కట్టుబట్టలతో బయల్దేరారు. ప్లాంటు దగ్గరి ఊరు నమియె జనం వేలమంది వాయవ్యంగా త్సుషిమా వైపు వెళ్లారు. గాలి రేడియేషన్‌ను మోసుకెళ్లింది సరిగ్గా అటే. ఆ గాలి ఎటు పోతుందో లెక్కగట్టే 'స్పీడి' అనే వ్యవస్థ ప్రభుత్వం చేతిలో ఉంది. దాని లెక్కలు మార్చి 14న అమెరికా సైన్యానికి అందాయి, సొంత ప్రజలకు 23న. నన్నడిగితే, నమ్మకం పూర్తిగా చచ్చిపోయింది ఈ 9 రోజుల్లోనే.

ఆ 23నే టోక్యో కుళాయి నీళ్లలో కిలోకు 210 బెక్వెరెల్ (రేడియోధార్మికత కొలమానం) రేడియోధార్మిక అయోడిన్ తేలింది. పసిపిల్లలకు పరిమితి 100. దుకాణాల్లో నీళ్ల సీసాలు మాయమయ్యాయి. రేడియేషన్ నుంచి కాపాడుతుందని అయోడిన్ ఉప్పు కోసం చైనాలో, అయోడిన్ మాత్రల కోసం అమెరికాలో ఎగబడ్డారు. బయటి పత్రికలేమో జపాన్ వాళ్ల ఓపికను, క్యూలను మెచ్చుకున్నాయి. ఆ ఓపిక ఎంతవరకో ఏప్రిల్‌లో తెలిసింది.

బడి ఆటస్థలాల్లో ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి తగిలే రేడియేషన్ కొలమానం) దాకా పర్వాలేదని విద్యాశాఖ ఏప్రిల్ 19న చెప్పింది. అప్పటిదాకా మామూలు జనానికి పరిమితి 1. ప్రభుత్వ సలహాదారు ప్రొఫెసర్ తొషిసో కొసాకో పిల్లలకు ఇది ఒప్పుకోలేనంటూ కన్నీళ్లతో రాజీనామా చేశారు. మే 23న ఫుకుషిమా తల్లిదండ్రులు టోక్యో వచ్చి విద్యాశాఖ భవనం చుట్టూ నిలబడ్డారు. 4 రోజుల్లో శాఖ దిగొచ్చి, 1కి తగ్గించడమే లక్ష్యమంది. అప్పటికే జనం సొంతంగా రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్లు పట్టుకుని గల్లీ గల్లీ కొలిచి, అంకెలు అందరికీ కనబడేలా పెడుతున్నారు.

సెప్టెంబర్ 19న టోక్యో మేజి పార్కులో సభ జరిగింది. 60 వేల మంది వచ్చారని నిర్వాహకులు చెప్పారు. మరుసటి ఏడాది మే 5న దేశంలో నడుస్తున్న చివరి రియాక్టర్ కూడా ఆగింది. రెండు నెలలకే ఓయి ప్లాంటు మళ్లీ నడిచింది, శుక్రవారం సాయంత్రాలు ప్రధాని కార్యాలయం ముందు జనం నిండిపోయారు. ఇది మనుషులు చేసిన విపత్తు అని పార్లమెంటు నియమించిన కమిషన్ తేల్చిందీ ఆ జూలైలోనే.

2024 జనవరి 1న నోతో ద్వీపకల్పం 7.6 తీవ్రతతో కంపించింది. అక్కడి షికా ప్లాంటు 2011 నుంచీ ఆగే ఉంది కాబట్టి పెద్ద గండం తప్పింది. కానీ పాత కథే. సముద్రమట్టంలో మార్పు లేదని ముందు చెప్పి, తర్వాత సుమారు 3 మీటర్లు పెరిగిందన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె కారింది 3,500 లీటర్లని చెప్పి, తర్వాత దాదాపు 20 వేలన్నారు.

ఆ భూకంపానికి నలిగిన సుజు నగరంలోనే తకాయా అనే తీరప్రాంతం ఉంది. 1975లో బయటికొచ్చిన ప్రతిపాదన ప్రకారం అక్కడొక అణువిద్యుత్ ప్లాంటు రావాలి. అక్కడివాళ్లు 1989లో నగర కార్యాలయంలో 40 రోజులు బైఠాయించారు. 2003లో కంపెనీలు ఆ ప్లాన్‌ను పక్కన పెట్టాయి. 2024 జనవరిలో తకాయాకు వెళ్లే రోడ్లు తెగిపోయాయి, నేల పైకి లేచి రేవులో పడవ కదలడానికి నీళ్లు లేవు.