నడుం పడిపోయిన మనిషికి నష్టపరిహారం: అపోహలు, వాస్తవాలు

కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి, చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్లు, కృష్ణపట్నం పోర్టు దారి... వీటి మీద జరిగే యాక్సిడెంట్లలో వెన్నెముక దెబ్బతిని మంచాన పడ్డవాళ్లు, కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. వాళ్ల కుటుంబాలు మా లాంటి వకీళ్ల దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు ఆలస్యమై ఉంటుంది. ఆస్పత్రి వరండాలో ఎవరో చెప్పిన మాట నమ్మి కొన్ని కాగితాలు పోగొట్టుకుని, కొన్నిటి మీద సంతకాలు పెట్టేసి వస్తారు. అలా నష్టం చేసే మాటలు ఇవి.

అపోహ: "ముందు మనిషి కోలుకోనీ, కేసు ఎక్కడికి పోతుంది?"

వాస్తవం: మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో వేసే ఓపీకి, అంటే పరిహారం అడిగే పిటిషన్‌కు, ఆరు నెలల గడువు ఉంది. 2019 సవరణలో వచ్చిన ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో కేసులు కొట్టేయొద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చిన మాట నిజమే. అది చూసుకుని ధీమాగా కూర్చోవద్దు, ఆరు నెలల్లోపే వేయండి. వైద్యం సాగుతుండగానే ఓపీ వేయొచ్చు. వైకల్య సర్టిఫికెట్, తర్వాతి బిల్లులు విచారణలో దాఖలు చేసుకోవచ్చు. ప్రమాదం చెన్నై దగ్గర జరిగినా, హైదరాబాద్‌లో జరిగినా బాధితుడు ఉండే ఊరు ఏ ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తే అక్కడే వేసుకునే హక్కు ఉంది. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషిని పక్క రాష్ట్రం కోర్టుకు తిప్పనక్కర్లేదు.

అపోహ: "ఎఫ్‌ఐఆర్ ఉంది కదా, కేసు గట్టిదే."

ఎఫ్‌ఐఆర్ కంటే ముందే పుట్టే కాగితం ఒకటుంది. అది ఆస్పత్రి కేస్ షీట్‌లోని మొదటి పేజీ. స్పృహలేని మనిషిని తెచ్చినవాళ్లు కంగారులో "బైకు మీద నుంచి పడ్డాడండీ" అంటారు. డ్యూటీ డాక్టరు అదే రాసుకుంటారు. లారీ గుద్దిందన్న మాట ఆ పేజీలో ఎక్కడా ఉండదు. రెండేళ్ల తర్వాత ఇన్సూరెన్సు కంపెనీ వకీలు ఆ కేస్ షీట్ తెప్పించి, తనంతట తానే పడ్డాడని మీ డాక్టరు చేతే చెప్పిస్తారు.

అందుకే మొదటి రెండు రోజుల్లోనే ఇంట్లో ఒకరు కేస్ షీట్‌లో ఏం రాశారో అడగాలి. ఏ వాహనం, ఎలా గుద్దింది అన్నది రాయించి, మెడికో లీగల్ కేసుగా, అంటే ఆస్పత్రి పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా, నమోదు చేయించాలి. వేరే పెద్దాస్పత్రికి మారిస్తే అక్కడి అడ్మిషన్ నోట్‌నూ చూసుకోవాలి, ఎందుకంటే పాత తప్పు అక్కడికీ ఎక్కుతుంది. వైద్యం హడావుడిలో ఎఫ్‌ఐఆర్ నాలుగు రోజులు ఆలస్యమైతే మాత్రం బెంగ వద్దు. ఆలస్యానికి కారణం నమ్మేలా ఉంటే అది కేసును చంపదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

పోలీసుల పని అక్కడితో అయిపోదు. ప్రమాదం తెలిసిన 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 నుంచి నిబంధనలున్నాయి. స్టేషన్‌కు వెళ్లి వాటి కాపీలు అడగండి. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, గాయాల వివరాలుండే ఊండ్ సర్టిఫికెట్, వాహనాన్ని పరిశీలించిన మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) రిపోర్టు, ఆర్‌సీ, డ్రైవరు లైసెన్సు, ఇన్సూరెన్సు పాలసీ కూడా తీసుకోండి. పాలసీ ప్రమాదం జరిగిన రోజుకు చెల్లుబాటులో ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి.

అపోహ: "సదరం సర్టిఫికెట్‌లో ఎంత శాతం ఉంటే పరిహారం అంతే."

సదరం అంటే ప్రభుత్వ వైద్య బోర్డు ఇచ్చే వైకల్య సర్టిఫికెట్. అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. డాక్టరు చెప్పేది శరీరం ఎంత దెబ్బతిన్నదన్నది. ట్రిబ్యునల్ తేల్చాల్సింది సంపాదన ఎంత పోయిందన్నది. ఈ రెండూ ఒకటి కావని రాజ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. ఎడమ చెయ్యి పోతే వైకల్యం 60 శాతం కావచ్చు. ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన నష్టం దాదాపు నూరు శాతం. గుమాస్తా అయితే ఉద్యోగం నిలవొచ్చు.

లెక్క చూడండి. కావలి పక్క ఊరి తాపీ మేస్త్రి, వయసు 32, నడుం కింద చచ్చుబడింది, సర్టిఫికెట్‌లో 80 శాతం అనుకుందాం. ట్రిబ్యునల్ నెల ఆదాయం 15,000 అని తేల్చింది. సొంత పని చేసుకునే 40 ఏళ్లలోపు వాళ్లకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి, 21,000 అవుతుంది. ఏడాదికి 2,52,000. ఏడాది ఆదాయాన్ని వయసును బట్టి ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె మల్టిప్లయర్, 31 నుంచి 35 ఏళ్ల వయసుకు అది 16. మొత్తం 40,32,000. సర్టిఫికెట్ శాతాన్నే పట్టుకుంటే 32,25,600 దగ్గర ఆగిపోతారు. గోడ ఎక్కలేని, పరంజా మీద నిలబడలేని మేస్త్రికి మిగిలిన ఆ 20 శాతంతో వచ్చే సంపాదన ఏముంది? ఈ ప్రశ్న డాక్టరు సాక్ష్యంలో, పనివాళ్ల సాక్ష్యంలో పడకపోతే 8,06,400 పోతుంది. చనిపోయిన కేసుల్లో సొంత ఖర్చుల కింద తగ్గించే వాటా గాయపడ్డవాళ్ల కేసులో తగ్గించకూడదు. అవార్డులో, అంటే ట్రిబ్యునల్ తీర్పులో, అలా తగ్గిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వేయాలి.

సర్టిఫికెట్ దాఖలు చేస్తే చాలదు. వైద్యం చేసిన డాక్టరో, బోర్డు డాక్టరో వచ్చి సాక్ష్యం చెప్పాలి. చెన్నై సర్జన్ రాలేనంటే కోర్టు నియమించే కమిషనర్ ద్వారానో వీడియోలోనో సాక్ష్యం తీసుకోమని పిటిషన్ వేయండి. జీతం కాగితం లేని మేస్త్రికి భవన కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఫోన్‌పే లెక్కలు, పనిచ్చిన కాంట్రాక్టరు సాక్ష్యం పనికొస్తాయి.

అపోహ: "చూసుకునేది భార్యే కదా, దానికి డబ్బెవరిస్తారు?"

ఇస్తారు, అడగాలి. ఇంట్లోవాళ్లు చేసినా అది విలువున్న చాకిరీయే. నూరు శాతం వైకల్యం వచ్చిన పన్నెండేళ్ల పాప కాజల్ కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకుల ఖర్చుకు మల్టిప్లయర్ 18 వేసి 21,60,000 ఇచ్చింది. పై మేస్త్రికి నెలకు 8,000 అనుకున్నా, 16 మల్టిప్లయర్‌తో 15,36,000 అవుతుంది. చాలా పిటిషన్లలో ఈ పద్దు కింద ఏ లెక్కా లేకుండా ఏదో లక్ష రాసి వదిలేస్తున్నారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మూత్రం గొట్టాలు, డైపర్లు, వాటర్ బెడ్, పుండ్లకు డ్రెస్సింగ్, ఫిజియోథెరపీ, కొన్నేళ్లకోసారి మార్చాల్సిన వీల్‌చెయిర్ కూడా రాయాలి. ఇవి జీవితాంతం ఉండే ఖర్చులు. మందుల షాపు బిల్లు మీద రోగి పేరు, తేదీ ఉండాలి. ప్రింటరు బిల్లుల అక్షరాలు ఏడాదిలో చెరిగిపోతాయి, వచ్చిన రోజే జిరాక్స్ తీయించండి. అంబులెన్సు రసీదులు, చెన్నై, తిరుపతి ప్రయాణాల టికెట్లూ దాచండి.

అపోహ: "ముగ్గురు ఎక్కారు, హెల్మెట్ లేదు. ఇక రాదు."

ముగ్గురు ఎక్కడం తప్పే. ఆ తప్పు ప్రమాదానికో గాయానికో కారణమైందని తేలితేనే పరిహారం తగ్గుతుంది. 2020లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నడుముకు తగిలిన దెబ్బకు హెల్మెట్ లేకపోవడాన్ని ముడిపెడితే అడ్డుకోండి.

అపోహ: "డ్రైవరుకు లైసెన్సు లేదంటే కంపెనీ చేతులెత్తేస్తుంది."

బయటి బాధితుడికి ముందు కంపెనీ కట్టి, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోవాలని ట్రిబ్యునళ్లు ఆదేశిస్తాయి. మిరప కోతకో పొగాకు పనికో ట్రాక్టరు ట్రక్కులో, సామాన్ల ఆటోలో వెళ్లిన కూలీల సంగతి వేరు. వాళ్లను పాలసీ మామూలుగా కాయదు. కొన్ని కేసుల్లో ముందు కట్టమని ఆదేశాలొచ్చాయి కాబట్టి ఆ కోరిక పిటిషన్‌లో తప్పక ఉండాలి. గుద్దిన వాహనం వేరేది ఉంటే దాని కంపెనీనీ పార్టీగా చేర్చండి.

అపోహ: "లోక్ అదాలత్‌లో ఇప్పుడింత తీసుకుని, చాలకపోతే మళ్లీ అడగొచ్చు."

అడగలేరు. లోక్ అదాలత్ అవార్డుకు అప్పీలు లేదు. చిన్న గాయాలకు అది మంచి దారి. నడుం పడిపోయిన మనిషికి మాత్రం పై లెక్క కాగితం మీద వేసుకోకుండా, భవిష్యత్తు వైద్యం ఎంతో డాక్టరు చేత రాయించకుండా సంతకం పెట్టొద్దు.

అపోహ: "ఖర్చంతా మేం పెట్టుకుంటాం, వచ్చిన దాంట్లో సగం మాది అనడం మామూలే."

పరిహారంలో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఆస్పత్రి మంచం దగ్గరికే వచ్చి ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద వేలిముద్రలు తీసుకునే మధ్యవర్తిని బయటికి పంపండి. వికలాంగులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలును పెట్టుకునే హక్కుంది. నెల్లూరు, ఒంగోలు కోర్టుల్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

అపోహ: "గుద్దింది ఎవరో తెలీదు, లేదా తానే జారిపడ్డాడు. ఏమీ రాదు."

గుద్ది పారిపోయిన వాహనం దొరకకపోతే తీవ్ర గాయానికి 50,000 వస్తుంది. ఆ అర్జీ రెవెన్యూ అధికారి ద్వారా కలెక్టర్‌కు వెళుతుంది. సొంత బండి మీద తానే జారిపడి చచ్చుబడితే, పాలసీలో ఓనర్ డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా ఉందేమో చూడండి. ప్రీమియం విడిగా కట్టి ఉంటే, బండి ఆయన పేరున ఉండి లైసెన్సు చెల్లుబాటులో ఉంటే పూర్తి శాశ్వత వైకల్యానికి 15 లక్షలు. దీనికి ట్రిబ్యునల్‌కు పోనక్కర్లేదు, క్లెయిమ్ నేరుగా కంపెనీకి పెట్టాలి. పాలసీ కాగితంలో ప్రీమియం వివరాలున్న చోట 'పీఏ ఓనర్ డ్రైవర్' అన్న వరుస పక్కన ఎంత రాసి ఉందో చూస్తే తెలిసిపోతుంది.