చెప్పడం, అనడం, మాట్లాడటం: ఇంగ్లీషు మాటలకు ఉర్దూ అర్థాలపై అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో సాయంత్రం పూట ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతాను. మా తరగతిలో కొందరి ఇంటి భాష తెలుగు, కొందరిది దక్కనీ, అంటే ఇక్కడి వాడుక ఉర్దూ. ఒకే బల్ల మీద ఒకరు ఇంగ్లీషు మాటకు అర్థం ఎడమ నుంచి కుడికి రాస్తుంటే, పక్కవారు కుడి నుంచి ఎడమకు రాస్తుంటారు. ఆ ఉర్దూ అర్థాన్ని కొట్టేయమని పిల్లలకు చెప్పే పెద్దలను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అపోహ: ఉర్దూ అర్థం రాసుకుంటే ఇంగ్లీషు రాదు.

వాస్తవం: పిల్లలు ఎక్కువగా తడబడేది ‘సే’, ‘టెల్’ అనే రెండు క్రియల దగ్గర. ‘సెడ్ మీ’ అనని విద్యార్థి నాకింకా తారసపడలేదు. తెలుగులో ‘నాకు చెప్పాడు’, దక్కనీలో ‘మేరెకు బోల్యా’. రెండింటిలోనూ అదే ‘కు’. దాన్నే ఇంగ్లీషులోకి మోసుకొస్తారు. పుస్తకాల ఉర్దూ ఇక్కడే ఆదుకుంటుంది. అందులో ‘కహనా’ (అనడం) వేరు, ‘బతానా’ (చెప్పడం) వేరు. ‘ఉస్‌సే కహా’ (అతనితో అన్నాడు), కానీ ‘ఉస్‌కో బతాయా’ (అతనికి చెప్పాడు). ఇంగ్లీషులోనూ ‘సే’కు మనిషిని చేర్చాలంటే మధ్యలో ‘టు’ కావాలి, ‘టెల్’ పక్కన మనిషి నేరుగా వచ్చేస్తాడు. ఉర్దూ విభక్తి ‘సే’ పడే చోట ఇంగ్లీషు క్రియ ‘సే’ అని గుర్తు పెట్టుకోమంటాను. చెవికి రెండూ ఒకటే కాబట్టి మరచిపోరు. తెలుగు పిల్లలకూ దారి ఉంది: ‘నాతో అన్నాడు’, ‘నాకు చెప్పాడు’. ‘తో’ ఉన్నది ‘సే’, ‘కు’ ఉన్నది ‘టెల్’.

అపోహ: ‘స్పీక్’ అంటే బోల్నా (పలకడం), ‘టాక్’ అంటే బాత్ కర్నా (ముచ్చటించడం). అంతటితో సరి.

వాస్తవం: చాలా వరకు సరే. భాష పేరు వస్తే ‘స్పీక్’, ఇద్దరు కూర్చుని ముచ్చటించుకుంటే ‘టాక్’. చిక్కల్లా ‘ఝూట్ బోల్నా’తో వస్తుంది. ఉర్దూలో అబద్ధానికి ‘బోల్నా’ కాబట్టి పిల్లలు ‘స్పీక్ లై’ అంటారు. ఇంగ్లీషులో అబద్ధానికి ‘టెల్’ కావాలి. మాటకు అర్థం రాసుకున్నప్పుడే దానితో కలిసి నడిచే మాటను కూడా రాసుకోవాలి.

అపోహ: దక్కనీ చెడిపోయిన ఉర్దూ, అది మాట్లాడేవారికి వ్యాకరణం పట్టుబడదు.

వాస్తవం: ఈ మాట నన్ను అన్నిటికంటే ఎక్కువగా నొప్పిస్తుంది. 1580లో గోల్కొండ గద్దెనెక్కిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పిన భాష ఇది. దీనికి తన వ్యాకరణం తనకుంది, అందులో మన తెలుగు పాలు కూడా ఉంది. ‘ఆతూఁ బోల్కే బోల్యా’ అన్న వాక్యం చూడండి. ‘వస్తాను అని చెప్పాడు’ అన్నదానికి అచ్చు అదే కట్టుబడి. మన ‘అని’ చేసే పనిని అక్కడ ‘బోల్కే’ చేస్తుంది. రెండు భాషల్లోనూ అన్నవాడి మాటను అన్నట్టే ఉంచి, చివర ఒక ముడి వేస్తాం. ఇంగ్లీషులో పరోక్షంగా చెప్పేటప్పుడు ‘నేను’ కాస్తా ‘అతను’ కావాలి, కాలమూ మారాలి. అది తెలియక ఒక విద్యార్థి, తన అన్న రేపు వస్తానన్న సంగతి చెప్పబోయి, తానే వస్తున్నట్టు చెప్పాడు. అవతలివారు మర్నాడు అతని కోసమే ఎదురుచూశారు. ఈ పొరపాటు తెలుగు ఇంటి పిల్లలూ, దక్కనీ ఇంటి పిల్లలూ ఒకేలా చేస్తారు. అందుకే ఇద్దరికీ కలిపే ఈ పాఠం చెబుతాను. ముందు ‘అని’, ‘బోల్కే’ల కింద గీత గీయిస్తాను. ఆ తర్వాతే ఇంగ్లీషు వాక్యం.

అపోహ: తెలుగు పిల్లలకు ఉర్దూ అర్థాలతో పని లేదు.

వాస్తవం: జవాబు, ఫిర్యాదు, సిఫార్సు ఎక్కడి నుంచి వచ్చాయి? ఉర్దూ ఎన్నో ఏళ్లు ఇక్కడ సర్కారు కచేరీల భాష, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన భాష. అయితే మన నోట పడ్డాక కొన్ని మాటలు దారి మార్చుకున్నాయి. ఉర్దూ ‘వాదా’ అంటే మాట ఇవ్వడం, అంటే ఇంగ్లీషు ‘ప్రామిస్’. మన ‘వాయిదా’ ఆ పనిని తర్వాతికి నెట్టేస్తుంది! ఉర్దూ ‘ఖబర్’ వార్త, మన ‘కబుర్లు’ కాలక్షేపం. ఉర్దూలో ఆ కాలక్షేపానికి ‘గప్‌షప్’ ఉంది.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. ఉర్దూ మాట్లాడే పిల్లలకు ‘జీరో’లోని జకారం, ‘ఫోను’లోని ఫకారం ఇంటి నుంచే వస్తాయి. తెలుగు పిల్లలు వారి దగ్గర నేర్చుకోవచ్చు. ‘స్పీక్’ను ‘ఇస్పీక్’ అనే అలవాటు మాత్రం చాలామందికి ఉంది. కొన్నాళ్ల సాధనతో పోతుంది.

అపోహ: వెయ్యి మాటలు బట్టీ పడితే నోరు తిరుగుతుంది.

వాస్తవం: ‘విస్పర్’ సర్గోషీ, ‘మటర్’ బడ్బడానా, ‘స్టామర్’ హక్లానా అని వల్లె వేయిస్తే శనివారానికి మరచిపోతారు. మా దగ్గర చేసి చూపిస్తారు. ఒకరు పక్కవారి చెవిలో గుసగుసలాడతారు, ఒకరు పని చెప్పినందుకు గొణుగుతారు, మిగతావారు అది ఏ మాటో చెప్పాలి. నత్తిని మాత్రం నటించనివ్వను. నిజంగా నత్తి ఉన్న పిల్లలు ఆ బల్లల మీదే ఉంటారు. ఇంటికి వెళ్లేటప్పుడు ఒకే పని ఇస్తాను: ఈ రాత్రి ఇంట్లో విన్న మూడు మాటలు, ఎవరు ఎవరితో అన్నారో, ఎవరికి చెప్పారో రాసుకురావాలి. తెలుగులోనైనా సరే, దక్కనీలోనైనా సరే.